రుషికొండలో గుండె జబ్బులు – ఇరుగుపొరుగుల సహకారము

(శతవార్షికోత్సవ సభలో ఆరోగ్య కమిటీ పక్షమున చదివిన ప్రసంగ పాఠము)



ఈ సభలో గుండె జబ్బుల గురించి మాట్లాడమని మమ్ములను అడిగినప్పుడు మాలో కొందరు వెనుకాడారు. పండుగ పూట జబ్బుల ప్రస్తావన ఎందుకని వారి అభిప్రాయము. కాని నూరేళ్ల చరిత్రను తలచుకునేటప్పుడు ఆసుపత్రుల మాట రాకుండా ఉండదు కదా! 1883లో గుంటూరుకు వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ 1898లో అక్కడ ఆసుపత్రి నెలకొల్పారు. ఆ కాలపు మిషను ఆసుపత్రుల గుమ్మము ముందు నిలిచినవారు ప్రసవము కష్టమైన తల్లులు, కలరా సోకినవారు, జ్వరముతో మూలుగుతున్న పసిబిడ్డలు. ఆనాటి పెద్దలు తమ కాలపు జబ్బును చూసి దానికి తగిన పని చేశారు. మన కాలపు జబ్బు వేరు. అది చప్పుడు చేయకుండా పదేళ్లు ఇంట్లో కూర్చుని, ఒక తెల్లవారుజామున మనిషిని తీసుకొని పోతుంది.

గుండె జబ్బు పట్నములోని డబ్బున్నవారి జబ్బు అని మేము కూడా చాలాకాలము నమ్మాము. ఆ నమ్మకమును పోగొట్టినది గోదావరి జిల్లాలలో జరిగిన ఒక లెక్క. బైర్రాజు ఫౌండేషన్, ఆస్ట్రేలియాలోని జార్జ్ ఇన్‌స్టిట్యూట్, హైదరాబాదులోని కేర్ ఫౌండేషన్ మొదలైన సంస్థలు కలిసి, తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాలలో 45 గ్రామములను తీసుకున్నాయి. వాటి జనాభా సుమారు 1,80,000. 2004 వరకు ఒక ఏడాదిలో అక్కడ చనిపోయిన 1,354 మంది ఇళ్లకు ఆరోగ్య కార్యకర్తలు వెళ్లి, ఎలా పోయారు, ముందు ఏమి లక్షణములు కనిపించాయి అని బంధువులను అడిగి వ్రాసుకున్నారు. ఆ వివరములను వైద్యులు పరిశీలించి కారణము తేల్చారు. నూటికి 32 మంది గుండె, రక్తనాళముల జబ్బులతో పోయినవారే. అంటురోగములతో పోయినవారు నూటికి 12 మంది. వరి పొలముల మధ్య, పాడి పశువుల మధ్య బ్రతికే మనుషుల సంగతి ఇది. సముద్రము ఒడ్డున బ్రతికే మన సంగతి దీనికంటె మెరుగుగా ఉంటుందని అనుకోవడానికి మాకు ఏ కారణమూ కనిపించలేదు.

రుషికొండ అనగానే బయటివారికి బీచి గుర్తుకు వస్తుంది. 2020లో ఆ బీచికి బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చినది. కొండ మీద కంప్యూటరు కంపెనీలు, కొండ దిగువన విశ్వవిద్యాలయము, వారాంతములో కార్ల బారులు. వీటి మధ్యనే తెప్పలు, వలలు, ఎండబెట్టిన చేపలు, ఇరుకు సందులు ఉన్న మన జాలరి పేట ఉన్నది. ఆ పేటలో మనము ఎరిగిన ఒక మనిషి, వయస్సు ఇంకా యాభై దాటలేదు, వేట నుండి వచ్చి వల దులుపుతూ గుండెలో మంటగా ఉన్నదన్నాడు. ఎడమ భుజము లాగుతున్నదన్నాడు. చెమటతో బనీను తడిసిపోయినది. చుట్టూ ఉన్నవారు గ్యాసు అన్నారు. సోడా తెచ్చి తాగించారు. వాము నమిలించారు. భార్య అరికాళ్లు రుద్దినది. రెండు గంటల తరువాత ఆటోలో ఎక్కించినప్పుడు మాలో ఇద్దరు పక్కనే ఉన్నాము. ఆటో ఆసుపత్రి చేరకముందే ప్రాణము పోయినది. ఆ ఇంటివారిని మేము ఏమీ అనలేము. ఆ రోజు అక్కడ నిలబడిన మాకు కూడా అది గుండెపోటు అని తట్టలేదు.

ఆ మరణము తరువాతనే ఈ కమిటీ ఏర్పడినది.

మొదట మేము చేసిన పని ఒక వైద్య శిబిరము. షామియానా వేశాము, మైకు పెట్టాము, బ్యానరు కట్టాము. వైద్యులు వచ్చారు. ఆదివారము ఆరాధన ముగిసిన వెంటనే వరుసలో నిలబెట్టి అందరి రక్తపోటు కొలిచాము. చీటీలు ఇచ్చాము. అందరికీ అరటిపండు, బిస్కట్ పొట్లము పంచాము. ఫొటోలు తీయించుకున్నాము. సాయంత్రము ఎంతో తృప్తితో ఇళ్లకు వెళ్లాము.

మూడు నెలల తరువాత ఆ చీటీలు పట్టుకున్నవారిని వెదికాము. చాలామందికి చీటీ ఎక్కడ పెట్టారో గుర్తు లేదు. కొందరు పది రోజులు మాత్రలు వేసుకొని మానేశారు. ఇంకొక తప్పు కూడా అప్పుడే తెలిసినది. మేము కొలిచినది గుడికి వచ్చినవారి రక్తపోటు. ఆ వేళకు మగవారు చాలామంది సముద్రము మీద ఉన్నారు, ఆడవారు చేపల గంపలతో బజారులో ఉన్నారు. పైగా పేటలో మన సంఘస్థులు ఎందరు? పక్క ఇంటివారు రామకోవెలకు వెళ్లేవారు. జబ్బు ఆ గోడ దగ్గర ఆగదు కదా. కొలిచిన పద్ధతి కూడా సరికాదు. మెట్లెక్కి వచ్చిన మనిషిని నిలబెట్టి, మాట్లాడుతుండగానే పట్టీ చుట్టాము. అయిదు నిమిషములు వీపు ఆనించి కూర్చోవాలని, చేయి గుండె ఎత్తులో బల్ల మీద ఉంచాలని, అరగంట ముందు నుండి చుట్ట, కాఫీ ముట్టకూడదని, ఒక్కసారి ఎక్కువ వచ్చినంత మాత్రాన జబ్బు అని ముద్ర వేయకూడదని మాకు తరువాత ఒక నర్సమ్మ నేర్పినది. ఆమె మన సంఘస్థురాలు కాదు.

ఇటువంటి శిబిరములు ఈనాటికీ అన్నిచోట్లా జరుగుతూనే ఉన్నాయి. వాటిని ఎగతాళి చేయడము మా ఉద్దేశము కాదు. ఒకసారి వెళ్లి రావడము మాత్రము చాలదు. గుండెను కాపాడేది రెండవసారి వెళ్లడము, మూడవసారి వెళ్లడము, ఆ తరువాత ప్రతి నెలా వెళ్లడము. ఇది మా అనుభవము మాత్రమే కాదు. గోదావరి గ్రామములలోనే మరి రెండు ప్రయత్నములు జరిగాయి. మొదటి దానిలో కొన్ని గ్రామములలో గోడ బొమ్మలు, ప్రచారములు చేశారు. కొన్ని గ్రామములలో ఆరోగ్య కార్యకర్తలకు తర్ఫీదు ఇచ్చి ప్రమాదములో ఉన్నవారిని గుర్తించమన్నారు. 2012లో ప్రచురించిన ఫలితముల ప్రకారము కార్యకర్తలు మనుషులను గుర్తించగలిగారు. ప్రచారము వలన మాత్రము ప్రజల తెలివిడి పెరిగినట్లు కనబడలేదు. రెండవ దానిలో 18 ప్రాథమిక ఆరోగ్య కేంద్రముల క్రింద 54 గ్రామములలో ఆశా కార్యకర్తల చేతికి పలకవంటి చిన్న కంప్యూటరు ఇచ్చారు. రక్తపోటు కొలిచి, వివరములు నింపితే, ఎవరిని డాక్టరు దగ్గరకు పంపాలో అది చెబుతుంది. చక్కని ఏర్పాటు. అయినా 2019లో లెక్క తేల్చి చూస్తే రక్తపోటు అదుపులోకి వచ్చినవారి సంఖ్యలో చెప్పుకోదగిన తేడా రాలేదు. మనిషిని గుర్తించడముతో పని అయిపోదు. అతడు వెళ్లిన రోజున అక్కడ డాక్టరు ఉండాలి, మాత్ర ఉండాలి, వచ్చే నెల మాత్ర అయిపోయినప్పుడు మళ్లీ దొరకాలి. ఈ గొలుసులో ఏ ఒక్క కొక్కెము ఊడినా మిగిలినదంతా వృథా.

ఆ గొలుసు ఒక్క సంఘము వలన గాని, ఒక్క ఆసుపత్రి వలన గాని అయ్యేది కాదని అప్పుడు మాకు అర్థమైనది.

మొదట పేట పెద్దల దగ్గరకు వెళ్లాము. మతప్రచారము కొరకు వచ్చామేమోనని వారికి ఒక అనుమానము, సహజమే. రక్తపోటు యంత్రమును మన గుడి హాలులో పెట్టము, మీ రామకోవెల అరుగు మీద పెట్టండి అన్నాము. ఆ మాటతో సగము పని అయినది. మన సంఘములో కొందరికి ఇది నచ్చలేదని ఇక్కడ దాచకుండా చెబుతున్నాము. ఇప్పటికీ నచ్చనివారు ఉన్నారు. వారితో మేము వాదించలేదు. ఒక సాయంత్రము వచ్చి ఆ అరుగు మీద కూర్చొమ్మని పిలిచాము. కొందరు వచ్చారు.

తరువాత వేళ మార్చాము. తెల్లవారకముందే వేటకు వెళ్లినవారు తిరిగి వచ్చి, సరుకు దించి, తిని, ఒక కునుకు తీసి, వలలు బాగుచేసుకోవడానికి కూర్చునే సాయంత్రపు వేళ మంచిదని పేట స్త్రీలే చెప్పారు. ఆరోగ్య కేంద్రము ఉదయము తెరిచే వేళకు మత్స్యకారుడు ఎలా వెళ్లగలడు? ఈ సంగతిని ఏ.ఎన్.ఎం. గారికి చెప్పగా, మాత్రలు కావలసినవారి పేర్లు పుస్తకములో వ్రాసి పంపితే ఆశా కార్యకర్త ద్వారా అందేటట్లు చూద్దామన్నారు. 2017 నుండి దేశములో నడుస్తున్న రక్తపోటు నియంత్రణ కార్యక్రమములోనూ ఇదే సూత్రము: అందరు డాక్టర్లూ ఒకే వరుసలో కొద్దిపాటి చవక మందులు వ్రాయడము, వాటిని ఇంటికి దగ్గరలో ఉచితముగా ఇవ్వడము, రానివారి ఇంటికి వెళ్లి అడగడము. మొదటి విడతలో మన పొరుగునున్న తెలంగాణ కూడా ఉన్నది.

ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు తూర్పు తీరములో మరబోట్ల వేట నిషేధము కదా, ఆ 61 రోజులు మగవారందరూ ఒడ్డుననే ఉంటారు. చేతిలో డబ్బు ఉండదు, మనస్సులో దిగులు ఉంటుంది, చుట్టలు, మద్యము ఎక్కువవుతాయి. ఇదివరకు ఎవరమూ తలపెట్టలేదు గాని, కొత్తవారి రక్తపోటు కొలిచి పుస్తకములో ఎక్కించడానికి అంతకంటె మంచి కాలము లేదు.

మాత్రలు మానేయడము అన్నిటికంటె పెద్ద చిక్కు. ఒక పెద్దాయన, ఒకనాడు యంత్రము మీద అంకెలు బాగున్నాయని వినగానే, "ఏటమ్మా, బీపీ తగ్గిపోనాది కదా, ఇంకా మాత్రలెందుకు?" అన్నాడు. మేము రక్తనాళముల గురించి, జీవితాంతము వాడవలసిన అవసరము గురించి చెప్పడము మొదలుపెట్టాము. ఆయన వినడము లేదు. పక్కన వల అల్లుతున్న మనిషి తల ఎత్తకుండానే, "పడవ నిలబడినాదని లంగరెత్తేస్తావేటి బావా?" అన్నాడు. పెద్దాయన నవ్వాడు. మరునాటి నుండి మాత్ర వేసుకుంటున్నాడు. మా కమిటీ వారము ఎంత చదువుకున్నా ఆ మాట మాకు తట్టలేదు. అందుచేత ఇప్పుడు పుస్తకము పట్టుకొని ఇళ్లకు వెళ్లేవారిలో సగము మంది పేటవారే ఉండాలని నియమము పెట్టుకున్నాము. అమెరికాలోని లాస్ ఏంజిలిస్ నగరములో నల్లవారి క్షౌరశాలలలోనే మందుల నిపుణులు కూర్చుని రక్తపోటు చూసి మందు ఇచ్చినప్పుడు, ఆరు నెలలలో పై అంకె సగటున 27 తగ్గినదని 2018లో ప్రకటించారు. మనిషి తనంతట తాను నమ్మి వచ్చి కూర్చునే చోటికి వైద్యము వెళ్లడమే అక్కడి రహస్యము. మన పేటలో అటువంటి చోటు వల బాగుచేసే ఇసుక తిన్నె.

ఇక తిండి మాట. తాజా చేప గుండెకు మంచిదని డాక్టర్లు చెబుతారు. నిజమే. కాని మన పేటలో తాజా చేప బజారుకు పోతుంది, ఎండుచేప ఇంటిలో మిగులుతుంది. రోజుకు అయిదు గ్రాముల ఉప్పు, అంటే ఒక చెంచా, దాటరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. మన దేశములో తినేది దాదాపు దానికి రెట్టింపు. ఎండుచేపల పులుసు, పచ్చడి, అన్నములో పైన ఒక చిటికెడు, ఇవన్నీ కలిస్తే ఎంత అవుతుందో చూడండి. ఎండుచేప మానమని మేము ఎవరికీ చెప్పలేదు. చెబితే వినరు, వినడము న్యాయము కూడా కాదు. పేదవానికి దొరికే మాంసకృత్తు అది. వేడినీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, రెండు మూడుసార్లు కడిగి, కూరలో మళ్లీ ఉప్పు వేయకుండా వండమన్నాము. మన స్త్రీల సమాజము వారు పేట స్త్రీలతో కలిసి ఒక రోజు అలా వండి అందరికీ పెట్టారు. మొదటి ముద్దకు చప్పగా ఉన్నదన్నారు. చింతపండు, మిరియము, కొత్తిమీర పెంచిన తరువాత ఎవరూ ఏమీ అనలేదు. బీచి దగ్గర బజ్జీలు వేసేవారిని, కాగిన నూనెనే మళ్లీ మళ్లీ కాచవద్దని కూడా అడిగాము. అక్కడ మాకు ఇంకా విజయము దొరకలేదు. నూనె ధర వారికి తెలుసు, మాకు తెలుసు.

పొగాకు సంగతి మరింత కష్టము. మన ఉత్తర కోస్తాలో వయసు మళ్లిన స్త్రీలు చుట్టను నిప్పు లోపలికి పెట్టి అడ్డపొగ తాగడము అందరూ ఎరిగినదే. దాని వలన అంగిట పుండ్లు, క్యాన్సరు వస్తాయని విశాఖపట్నపు వైద్యులు 1950లలోనే వ్రాశారు. క్యాన్సరు భయము కొంత పాకినది గాని, అదే పొగ రక్తనాళములను ముడుచుకొనేటట్లు చేసి రక్తమును గడ్డకట్టిస్తుందన్న సంగతి ఎవరికీ తెలియదు. మానిన ఏడాదిలోనే గుండె ప్రమాదములో సుమారు సగము తగ్గుతుందని చెబితే, "ఈ వయస్సులోనా?" అని ఒక అవ్వ అడిగినది. ఈ వయస్సులో కూడా. ఆమె మానలేదు. రోజుకు రెండు తగ్గించినది. పుస్తకములో అది కూడా వ్రాశాము.

ఇవన్నీ చిన్న పనులని మీకు తోచవచ్చును. ఫిన్లండు దేశములో నార్త్ కరేలియా అనే ప్రాంతము ఉన్నది. చలి, అడవులు, పాడి, పేదతనము. 1960లలో అక్కడి మగవారు గుండెపోటుతో పోయినంతగా లోకములో మరెక్కడా పోలేదు. 1971లో ఆ ప్రజలే ప్రభుత్వమునకు విన్నపము పెట్టుకున్నారు. 1972లో పెక్కా పుస్కా అనే యువ డాక్టరు నాయకత్వమున పని మొదలైనది. ఆయన ఆసుపత్రి కట్టించలేదు. మార్తా సంఘము అనే గృహిణుల సంఘముతో కలిసి సాయంకాలపు విందులలో వెన్న తగ్గించి కూరగాయలు పెంచి వండించాడు. రొట్టెల వారితో మాట్లాడి ఉప్పు తగ్గించాడు. వెన్న అమ్ముకొని బ్రతికే రైతులకు మొదట కోపము వచ్చినది, రాదా మరి? వారికి బెర్రీ పండ్లు పండించే దారి చూపారు. సుమారు నలభై ఏళ్లలో పని చేసే వయస్సు మగవారిలో గుండె జబ్బుల మరణములు నూటికి 80కి పైగా తగ్గాయి. నలభై ఏళ్లు అన్న మాటను గమనించండి. మన శిబిరము ఒక్క పూట నడిచినది.

చివరగా ఆ ఆటో సంగతికి వస్తాము. గుండెకు రక్తము తీసుకొనిపోయే నాళములో గడ్డ అడ్డుపడితే, గడియారము తిరిగినకొద్దీ గుండె కండ కొంచెము కొంచెముగా చచ్చిపోతుంది. మొదటి గంట విలువ బంగారముతో సమానము. గడ్డను కరిగించే ఖరీదైన సూదిమందును మన రాష్ట్ర ప్రభుత్వాసుపత్రులలో ఉచితముగా ఇచ్చే ఏర్పాటు 2023లో మొదలైనది. చిన్న ఆసుపత్రిలో ఇ.సి.జి. తీసి పెద్ద ఆసుపత్రిలోని గుండె వైద్యునికి పంపితే ఆయన అక్కడి నుండే సలహా చెబుతారు. విశాఖలో మన కె.జి.హెచ్. అటువంటి పెద్ద ఆసుపత్రి. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై, పేర్లు మారుతూ వస్తున్న పథకములో గుండె శస్త్రచికిత్సలు కూడా ఉన్నాయి. రుషికొండలోనే గీతం వైద్య కళాశాల ఆసుపత్రి ఉన్నది. 1923 నాటి వైజాగులో ఇన్ని వసతులు ఎవరు ఊహించారు? అయినా ఇవన్నీ సోడా సీసా దగ్గర ఆగిపోతున్నాయి.

అందుచేత పేటలో ప్రతి సందులోనూ ఇద్దరికి ఈ నాలుగు సంగతులు నోటికి వచ్చేటట్లు నేర్పుతున్నాము. గుండె మధ్యలో బరువుగా, బిగించినట్లు నొప్పి పది నిమిషములు దాటితే, అది చేతికో దవడకో పాకితే, చల్లని చెమట పడితే, గ్యాసు అనుకోవద్దు. స్త్రీలలోనూ, చక్కెర జబ్బు ఉన్నవారిలోనూ నొప్పి లేకుండా ఆయాసము, వాంతి, నీరసము మాత్రమే రావచ్చును. మనిషిని నడిపించవద్దు, కూర్చోబెట్టండి. వెంటనే 108కి ఫోను చేయండి. ఇ.సి.జి. తీయగల ఆసుపత్రికే తీసుకొనిపొండి. దారిలో ఉన్న మందుల షాపు దగ్గర ఆగి ఇంజెక్షను వేయించవద్దు. అంబులెన్సు మన సందులలోకి రాదు గనుక, మనిషిని రోడ్డు వరకు మోసే మడత కుర్చీ ఒకటి రామకోవెలలో, ఒకటి మన గుడి వరండాలో ఉంచాము. దానికి తాళము వేయవద్దని సంఘపు కాపలాదారునికి ప్రత్యేకముగా చెప్పాము. ఒకసారి వేశాడు.

ఇప్పుడు మాకు కావలసినది చందా కాదు, యంత్రము ఉన్నది. నెలకు రెండు సాయంత్రములు పుస్తకము పట్టుకొని ఇళ్లకు వెళ్లగలవారు కావాలి. పుస్తకములో ఏ పేరు ఎదుట గత నెల గడి ఖాళీగా ఉన్నదో ఆ ఇంటికే మొదట వెళ్లాలి. అక్షరములు వ్రాయగలిగి, ఓపికగా వినగలిగితే చాలు. యువజనులలో సైకిలు మోటారు ఉన్నవారు ఇద్దరు ఉంటే కొండ వైపు ఇళ్లకు కూడా వెళ్లవచ్చును. రాగలవారు ఈ సభ ముగిసిన తరువాత ఎడమ వైపు గుమ్మము దగ్గర పేర్లు ఇవ్వండి. మొదటి సాయంత్రము మేము మీతో కూడా వస్తాము.